పేరొకరిది, మాట ఇంకొకరిది: డువే బైబిలు కథ

ఇంగ్లీషులో చదివే కేథలిక్ కుర్రాళ్ళ మధ్య ఈ మధ్య ఒక వాదన బాగా నడుస్తోంది. డువే-రీమ్స్ బైబిలు ఒక్కటే అసలు సిసలు బైబిలనీ, తర్వాత వచ్చినవన్నీ కల్తీ సరుకనీ. మా ఆఫీసులోనే ఇద్దరున్నారు ఇలా అనేవాళ్ళు. వాళ్ళతో వాదించీ వాదించీ నోరు నొప్పెట్టింది, ఇక రాసి పడేద్దామని కూర్చున్నాను. తమాషా ఏమిటంటే నేను రోజూ చదివేదీ ఆ పుస్తకమే. దాని మీద నాకు కోపం లేదు సరికదా, బోలెడంత ఇష్టం. ఆ ఇష్టం కొద్దీ చరిత్ర తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, అది ఏనాడూ మడి కట్టుకుని కూర్చున్న పుస్తకం కాదు. శత్రువుల దగ్గర్నుంచి తీసుకుంది, శత్రువులకి ఇచ్చింది. మధ్యలో ఒంటిమీద బట్టలన్నీ మార్చేసుకుని, పేరు మాత్రం అలాగే ఉంచుకుంది.

ఈ సంగతులు తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మాది గుంటూరు వైపు, ఇంట్లో తాతల నాటినుంచీ ఆర్.సి.ఎం. మా పూజలో ఏ రోజు బైబిల్లోంచి ఏ భాగం చదవాలన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఆదివారాలకి మూడేళ్ళ చక్రం, మామూలు రోజులకి రెండేళ్ళ చక్రం. ఒక పండగా, ఒక స్థానిక పునీతుడి రోజూ తప్పిస్తే గుంటూరులోనైనా, మనీలాలోనైనా, డల్లాస్‌లోనైనా ఆ రోజు చదివేది అదే భాగం. ఒకే కాన్ఫిగ్ ఫైలు ప్రపంచమంతా డిప్లాయ్ అయి ఉందనుకోండి. రోజూ పూజకి వెళ్ళడం కుదరని నాలాంటివాళ్ళు ఆ రోజు పఠనాలేవో ఫోన్లో చూసుకుని చదువుకుంటారు. నేను ఆఫీసు బస్సులో కానిచ్చేస్తాను. ఏం చదవాలన్నది కేలండరు చెప్తుంది, పాఠం మాత్రం డువే-రీమ్స్‌లో తెరుస్తాను.

తెరిచిన మొదటి వారంలోనే తిప్పలు మొదలు. కేలండరు 23వ కీర్తన అంటుంది, ఈ పుస్తకంలో అది 22. కీర్తనల్ని హీబ్రూ వాళ్ళు లెక్కపెట్టిన తీరు వేరు, గ్రీకు అనువాదంలో లెక్కపెట్టిన తీరు వేరు. లాటిను బైబిలు గ్రీకు లెక్క పట్టుకుంది, లాటినుని డువే పట్టుకుంది. గ్రీకులో 9, 10 కీర్తనలు కలిసి ఒకటైపోయాయి, అక్కడినుంచి ఒక అంకె వెనక. 114, 115 కూడా కలిశాయి, ఆ వెంటనే 116 రెండుగా చీలింది. చివర్లో 147 కూడా రెండు ముక్కలై, 148 దగ్గరికొచ్చేసరికి లెక్క మళ్ళీ సరిపోతుంది. మొత్తం మాత్రం అటూ ఇటూ 150. మనం ఆఫ్-బై-వన్ ఎర్రర్ అని తిట్టుకునేదానికి ఇంత చరిత్ర ఉందన్నమాట! ఇక పుస్తకాల పేర్లు. సమూయేలు మొదటి గ్రంథం కావాలంటే ఇందులో రాజుల మొదటి గ్రంథం తియ్యాలి. రాజుల మొదటిది కావాలంటే మూడోది తియ్యాలి. క్రానికల్స్‌కి పారలిపోమెనన్ అని పేరు, హోసియాకి ఓసీ. తపస్సు కాలం మొదటి వారం గురువారం నాడు ఎస్తేరు చేసిన ప్రార్థన చదువుతారు. అది హీబ్రూలో లేదు, గ్రీకులోనే ఉంది. జెరోము తన లాటిను అనువాదంలో అలాంటి భాగాలన్నీ ఏరి చివర పోగేశాడు కాబట్టి, ఈ పుస్తకంలో కథంతా అయిపోయాక 14వ అధ్యాయంలో వెతుక్కోవాలి.

నేను ఒక చిన్న స్క్రిప్టు రాసుకుని ఈ మ్యాపింగు సమస్య తీర్చుకున్నాను, అది వేరే సంగతి. అసలీ రెండూ ఎందుకు కుదరడం లేదో తెలుసుకుందామనుకుంటే, 16వ శతాబ్దం దాకా వెళ్ళాల్సొచ్చింది.

1558లో ఎలిజబెత్ రాణి గద్దెనెక్కాక ఇంగ్లండు మళ్ళీ ప్రొటెస్టెంటు దేశమయింది. ఆక్స్‌ఫర్డులో ఉన్న కేథలిక్ పండితులు చాలామంది దేశం వదిలిపోయారు. వాళ్ళలో విలియం ఆలెన్ అనే ఆయన 1568లో డువే పట్టణంలో ఒక కళాశాల పెట్టాడు. ఇప్పుడది ఉత్తర ఫ్రాన్సులో ఉంది, అప్పుడు స్పెయిను రాజు ఏలుబడిలో ఉండేది. ఇంగ్లీషు కుర్రాళ్ళని అక్కడ గురువులుగా తయారుచేసి దొంగచాటుగా ఇంగ్లండుకి పంపడం ఆ కళాశాల పని. వెళ్ళినవాళ్ళలో 150 మందికి పైగా ఉరికంబమెక్కారు. మొదటివాడు కత్‌బర్ట్ మేన్, 1577లో. 1585 కల్లా విదేశంలో అభిషేకం పొందిన గురువు ఇంగ్లండులో అడుగుపెడితేనే రాజద్రోహమని చట్టం వచ్చింది.

ఇక్కడొక మాట చెప్పకపోతే అన్యాయం. ప్రభుత్వానికి భయం ఊరికే పుట్టలేదు. 1570లో పోపు ఎలిజబెత్‌ని వెలివేసి, ఆమెకి విధేయత చూపనక్కర్లేదని ప్రకటించాడు. ఇదే ఆలెన్ తర్వాత కార్డినలై, 1588లో స్పెయిను నౌకాదళం ఇంగ్లండు మీదకి వస్తుంటే దానికి మద్దతుగా రాశాడు. చచ్చిపోయిన కుర్రాళ్ళలో చాలామందికి ఈ రాజకీయాలతో సంబంధం లేదు, పెద్దవాళ్ళకి ఉంది. ఇలాంటి కథలు మనకేం కొత్త కాదుగా.

ఇంతకీ లాటినే పరమమనుకునే ఈ మనుషులు ఇంగ్లీషు బైబిలు జోలికి ఎందుకొచ్చినట్టు? ఆలెన్ 1578లో రాసిన ఒక ఉత్తరంలో కారణం దొరుకుతుంది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. మన గురువులు చదువంతా లాటిన్లో చదివారు, పామర జనం ముందు ప్రసంగం చేసేటప్పుడు బైబిలు వాక్యాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చాల్సొచ్చి తడబడుతున్నారు, అవతలివాళ్ళకేమో వాక్యాలన్నీ నాలుక చివర ఉన్నాయి, అని ఆయన బాధ. ఇంగ్లీషు మీడియంలో ఇంజినీరింగు చదివి, ఇంటికెళ్ళి అమ్మకి మన ఉద్యోగమేమిటో తెలుగులో చెప్పబోయి నీళ్ళు నమిలే మనకి ఈ ఇబ్బంది తెలియనిది కాదు. సిద్ధాంతం కోసమో, ప్రజల జ్ఞానతృష్ణ కోసమో కాదు, డిబేట్లో ఓడిపోతున్నాం కాబట్టి అనువాదం కావాలి! పుస్తకం ముందుమాటలో కూడా ఆ సంగతి దాచుకోలేదు. లేఖనాలు ఎప్పుడూ మాతృభాషలోనే ఉండాలని మేం అనుకోవడం లేదు, కాలం ఇలా వచ్చింది కాబట్టి చేస్తున్నాం, అని స్పష్టంగానే చెప్పుకున్నారు.

అదే సంవత్సరం రాజకీయ గొడవల్లో కళాశాలని డువే నుంచి వెళ్ళగొట్టారు. సామాన్లు సర్దుకుని రీమ్స్ చేరారు. ఆ పరాయి ఊళ్ళో, అక్టోబరులో, గ్రెగరీ మార్టిన్ అనువాదం మొదలుపెట్టాడు. ఆక్స్‌ఫర్డులో ఎడ్మండ్ కాంపియన్‌కి స్నేహితుడు. ఆ కాంపియన్‌ని 1581 డిసెంబరులో లండన్లో చంపారు. మార్టిన్‌కి గ్రీకు, హీబ్రూ బాగా వచ్చు. రోజుకి రెండు అధ్యాయాల లెక్కన పని సాగించాడు. ఆలెన్, రిచర్డ్ బ్రిస్టో చూసి దిద్దేవాళ్ళు. మూడున్నరేళ్ళలో మొత్తం బైబిలు పూర్తయింది. రోజుకి రెండు అధ్యాయాలంటే ఎంతో చదివేవాళ్ళకి తెలుస్తుంది. నాకు చదవడానికే కొన్ని రోజులు కుదిరి చావదు.

1582లో కొత్త నిబంధన ఒక్కటీ రీమ్స్‌లో అచ్చయింది. అదే ఏడు అక్టోబరు 28న మార్టిన్ క్షయతో పోయాడు. పాత నిబంధన అచ్చెయ్యడానికి డబ్బుల్లేవు. కట్ట అలాగే ఉండిపోయింది, ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు, 27 ఏళ్ళు. కళాశాల 1593లో మళ్ళీ డువే చేరాక, 1609, 1610ల్లో రెండు సంపుటాలుగా బయటికొచ్చింది. అందుకే ఆ రెండూళ్ళ పేరు. రిలీజు ఆలస్యమైందని మనం ప్రాజెక్టు మేనేజర్ని తిట్టుకునేటప్పుడు ఈ 27 ఏళ్ళు గుర్తు చేసుకోవచ్చు :)

ఇంకో సంగతి గమనించారా? మార్టిన్ ప్రొటెస్టెంటు అనువాదాల్ని తిట్టిపోస్తూ అదే 1582లో ఒక పుస్తకం వేశాడు. ఓ లావుపాటి బగ్ రిపోర్టు లాంటిదది. కానీ ఆయన బతుకూ ఆ తిట్లు తిన్నవాళ్ళ బతుకూ ఒకటే. విలియం టిండేల్ ఇంగ్లండులో అనుమతి దొరక్క జర్మనీ పారిపోయి, 1526లో వర్మ్స్ నగరంలో కొత్త నిబంధన అచ్చేయించి, సరుకు మూటల్లో దాచి స్వదేశానికి పంపాడు. 1536లో బ్రస్సెల్స్ దగ్గర అతన్ని చంపింది కేథలిక్ ప్రభుత్వం. 1560 నాటి జెనీవా బైబిలు చేసినవాళ్ళు కేథలిక్ మేరీ రాణి కాలంలో పారిపోయిన ప్రొటెస్టెంట్లు. డువే వాళ్ళు ఎలిజబెత్ కాలంలో పారిపోయిన కేథలిక్కులు. ఇంగ్లీషు బైబిలు చరిత్రలో పెద్ద పెద్ద అడుగులన్నీ పరాయి దేశంలో, ఇంటిమీద బెంగతో పడ్డవే. వీసా స్టాంపింగు కోసం ఎదురుచూసే మనవాళ్ళ బెంగతో పోల్చను గానీ, దూరంగా కూర్చున్నవాడికి తన భాష మీద పట్టింపు ఎక్కువన్నది మాత్రం నిజమే అనిపిస్తుంది.

ఇప్పుడు భాష సంగతి. నా ఉద్దేశంలో దీన్ని ఇంగ్లీషువాళ్ళకన్నా తెలుగువాళ్ళే తేలిగ్గా పట్టుకోగలరు. ఎందుకంటే మనకి తత్సమం, అచ్చతెనుగు అనే తేడా చిన్నప్పుడే నూరిపోశారు. సంస్కృతం మనకెలాగో, లాటిను వాళ్ళకలాగ. 16వ శతాబ్దంలో గోలకొండ నవాబుల నీడన పొన్నికంటి తెలగన్న ఒక్క తత్సమమూ తగలకుండా యయాతి చరిత్ర రాశాడు కదా. ఇంచుమించు ఆ కాలంలోనే ఇంగ్లండులో జాన్ చీక్ అనే పండితుడు మత్తయి సువిశేషాన్ని అచ్చ ఇంగ్లీషులోకి మార్చాలని కూర్చున్నాడు. శతాధిపతికి సెంచూరియన్ అన్న లాటిను మాట వద్దని "నూరుగురివాడు" అనే అర్థం వచ్చేలా ఒక మాట కల్పించాడు. రిజరెక్షన్ కూడా వద్దని "మళ్ళీ లేవడం" అనే దేశీ మాట కట్టాడు. ఆ పుస్తకం 1843 దాకా అచ్చు మొహం చూడలేదు.

మార్టిన్ దారి దీనికి సరిగ్గా ఎదురు. 1546లో ట్రెంట్ మహాసభ లాటిను వల్గేటునే ప్రామాణికమని తేల్చింది కాబట్టి అనువాదం దానినుంచే. గ్రీకు రాక కాదు. లాటిన్లో లేని "ద" అన్న ఆర్టికల్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి గ్రీకు ప్రతి దగ్గర పెట్టుకుని చూసుకున్నారు కూడా. కానీ అర్థం సందిగ్ధంగా ఉన్నచోట సొంత తెలివి చూపించకుండా లాటిను మాటకే ఇంగ్లీషు తోక తగిలించి వదిలేశారు. అనువాదకుడు వ్యాఖ్యాత కాకూడదని వాళ్ళ నియమం. ఫిలిప్పీయులకి రాసిన లేఖలో క్రీస్తు తన్ను తాను ఖాళీ చేసుకున్నాడనే చోట "ఎక్సినానైటెడ్" అని పెట్టారు. పొంగని రొట్టెలకి "అజైమ్స్". మత్తయి సువిశేషంలో ప్రభువు నేర్పిన ప్రార్థనలో రొట్టె "సూపర్‌సబ్‌స్టాన్షియల్" అయి కూర్చుంది! గ్రీకులో మత్తయి, లూకా ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే మాట. జెరోము మత్తయిలో ఒకలాగా, లూకాలో "రోజువారీ" అనే అర్థం వచ్చేలాగా తర్జుమా చేశాడు. డువే వాళ్ళు ఆ తేడాని తుచ తప్పకుండా దింపేశారు. జనం మాత్రం ప్రార్థన చేసేటప్పుడు ఎప్పుడూ రోజువారీ రొట్టే అడిగారు.

ఇది మామూలు పాఠకుడికి కొరుకుడు పడదని వాళ్ళకీ తెలుసు. అందుకే 1582 పుస్తకం చివర కఠిన పదాలకి అర్థాలంటూ ఒక పట్టిక వేశారు. ఆ పట్టిక చూస్తే నవ్వొస్తుంది. అడ్వెంట్, అలెగరీ, క్యారెక్టర్, కోఆపరేట్, గ్రాటిస్, విక్టిమ్ కూడా అందులో ఉన్నాయి! నాలుగు శతాబ్దాల కింద సామాన్యుడికి తెలియవని విడమరిచి చెప్పిన మాటల్ని ఇవాళ మన తెలుగు సినిమాల్లో రౌడీలు కూడా వాడుతున్నారు. పక్కనే ఉన్న ఎక్సినానైటెడ్ మాత్రం ఎవరికీ పట్టకుండా పోయింది. భాషలో ఏ మాట బతుకుతుందో ముందే చెప్పగలిగే పండితుడు ఇంకా పుట్టలేదు. గ్రాంథికం కోసం కొట్టుకున్న మన పెద్దలకీ అది తెలిసొచ్చిందే.

ఇంగ్లండులో ఈ పుస్తకం దొరికితే చిక్కే. మరి జనంలోకి ఎలా పాకింది? శత్రువు పుణ్యమా అని. విలియం ఫుల్క్ అనే ప్రొటెస్టెంటు పండితుడు దీన్ని చీల్చి చెండాడాలనుకుని, 1589లో రీమ్స్ కొత్త నిబంధన మొత్తం ఒక వరసలో, ప్రొటెస్టెంట్ల బిషప్స్ బైబిలు పక్క వరసలో వేసి, వాళ్ళ వ్యాఖ్యానాలన్నిటికీ ఖండనలు జోడించి అచ్చేయించాడు. అది చట్టబద్ధమైన పుస్తకం. ఎవరైనా కొనుక్కోవచ్చు. దాంతో నిషిద్ధ గ్రంథం కాస్తా పండితుల బల్లలన్నిటి మీదకీ దర్జాగా చేరిపోయింది. తిడుతూ ప్రచారం చేయడమంటే ఇదే.

ఆ తర్వాత 1604లో జేమ్స్ రాజు కొత్త అనువాదానికి పండితుల్ని కూర్చోబెట్టాడు. ఏయే పాత అనువాదాలు చూడొచ్చో నియమాల్లో ఒక జాబితా ఇచ్చారు. అందులో రీమ్స్ లేదు. 1611లో అచ్చయిన వాళ్ళ ముందుమాటలోనైతే అజైమ్స్ లాంటి మాటల్ని పేరుపేరునా ఎగతాళి చేశారు. కానీ పనిలో మాత్రం రీమ్స్ మాటలు బాగానే వాడుకున్నారు. 1902లో జేమ్స్ కార్ల్టన్ అనే ఆయన ఈ అప్పుల లెక్క తేలుస్తూ ఒక పుస్తకమే రాశాడు. లైసెన్సు ఫైల్లో పేరు వెయ్యకుండా కోడు కాపీ కొట్టడం మన కాలంలో మొదలైంది కాదన్నమాట.

ఇంతవరకూ కథ మా ఆఫీసు మిత్రులకీ కొంచెం తెలుసు. తర్వాతదే వాళ్ళకి మింగుడుపడదు.

డువే పాత నిబంధన 1635లో ఫ్రాన్సులోని రువాన్ నగరంలో ఒకసారి మళ్ళీ అచ్చయింది. ఆ తర్వాత వందేళ్ళకి పైగా దాని ముఖం చూసిన అచ్చాఫీసు లేదు. ఈలోపు ఇంగ్లీషు మారిపోయింది. చెవులకి జేమ్స్ రాజు బైబిలు అలవాటైపోయింది. అప్పుడొచ్చాడు రిచర్డ్ చాలొనర్. 1691లో పుట్టాడు, ప్రొటెస్టెంటు కుటుంబం. తల్లి ఒక కేథలిక్ ఇంట్లో పనికి కుదరడంతో అక్కడ పెరిగి, పదమూడేళ్ళ వయసులో కేథలిక్ అయ్యాడు. 1705లో డువే వెళ్ళి పాతికేళ్ళు అక్కడే విద్యార్థిగా, అధ్యాపకుడిగా ఉన్నాడు. 1730లో లండన్ తిరిగొచ్చాడు, తర్వాత అక్కడ బిషప్ అయ్యాడు. బిషప్ అంటే మనమనుకునే హోదా కాదు. కేథలిక్ గురువుకి అప్పటికీ చట్టంలో చోటు లేదు. తాగుడు దుకాణం గదిలో, సోదా జరిగితే అనుమానం రాకుండా ఎదురుగా బీరు గ్లాసులు పెట్టుకుని జనం ఆయన ప్రసంగాలు వినేవాళ్ళని చెప్తారు. 88 ఏళ్ళ వయసులో, 1780 జూన్‌లో లండన్లో కేథలిక్కుల మీద గోర్డన్ అల్లర్లు రేగితే ఆ ముసలాయన్ని ఊరు దాటించాల్సొచ్చింది. మరుసటి జనవరిలో పోయాడు.

ఈయన 1749లో కొత్త నిబంధన, 1750లో మొత్తం బైబిలు సవరించి వేశాడు. సవరణ అంటే కామాలు దిద్దడం కాదు. వాక్యాల కట్టు మార్చాడు, లాటిను మాటలు పీకి మామూలు మాటలు పెట్టాడు. ఎక్సినానైటెడ్ పోయి "ఎంప్టీడ్" వచ్చింది. సూపర్‌సబ్‌స్టాన్షియల్ మాత్రం ఎందుకో వదిలేశాడు, ఇప్పటికీ ఉంది. పైపెచ్చు చాలా చోట్ల ఆయన పెట్టిన వాక్యం నేరుగా జేమ్స్ రాజు బైబిలుకి దగ్గరగా ఉంటుంది. చిన్నప్పుడు ఇంట్లో విన్న భాష, చుట్టూ ఊరంతా మాట్లాడే భాష అదే మరి. వల్గేటుతో పోల్చి చూసుకుంటూ, తేడా ఉన్నచోట వల్గేటు పక్షానే నిలబడ్డాడు, అందులో రాజీ లేదు. కానీ మాటల లయ మాత్రం మారిపోయింది. ఒరిజినల్ ప్రాజెక్టుని ఫోర్క్ చేసి, పోటీవాళ్ళ కోడు తెచ్చి కలిపి, పాత పేరుతోనే రిలీజు చేసినట్టు.

ఇది నా కనిపెట్టుడు కాదు. కార్డినల్ వైజ్‌మన్ 1837లోనే, దీన్ని ఇంకా డువే అనీ రీమ్స్ అనీ పిలవడం తగదని రాశాడు. 1859లో న్యూమన్ ఈ అనువాదాల చరిత్ర రాస్తూ, చాలొనర్ చేసింది దాదాపు కొత్త అనువాదమేనని తేల్చాడు. వీళ్ళిద్దరూ చర్చి వ్యతిరేకులేం కాదు, ఒకాయన కార్డినలు, రెండో ఆయన్ని 2019లో పునీతుడిగా ప్రకటించారు. ఇవాళ డువే-రీమ్స్ పేరుతో మనకి దొరికేదంతా చాలొనర్ పాఠమే. 1961లో కెన్నెడీ ప్రమాణస్వీకారం చేసిన కుటుంబ బైబిలు 1850 నాటి డువే. అంటే చాలొనర్‌దే.

సరే, రోజువారీ పఠనాల సంగతి. పాతకాలంలో కేథలిక్కులు రోజూ ఈ పుస్తకంలోంచే పఠనాలు వినేవారన్న భ్రమ ఒకటుంది. పూజ లాటిన్లో జరిగేది. 1570 నాటి పూజాగ్రంథంలో ఉన్నది ఒకే ఏడాది చక్రం, అందులోనూ ఆదివారాల్లో పాత నిబంధన దాదాపు వినిపించేదే కాదు. మామూలు రోజుల్లో పునీతుల పండగలకి అవే కొన్ని భాగాలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆదివారం ప్రసంగానికి ముందు గురువు ఆనాటి సువిశేషాన్ని ఇంగ్లీషులో చదివి వినిపించడం ఉండేది. తర్వాతి కాలంలో లాటిను, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న పుస్తకాలు చేతుల్లోకొచ్చాయి. అంతే. ఇప్పుడు మనం చదివే రోజువారీ చక్రం, రెండో వాటికన్ మహాసభ విశ్వాసులకి బైబిలు ఇంకా విరివిగా వడ్డించాలని 1963లో అన్నాక, 1969లో తయారైంది. అది వచ్చేసరికి డువే బైబిలు రిటైర్మెంట్ దశలో ఉంది. 1943లో పోపు 12వ పయస్ మూలభాషల నుంచి అనువదించమని ప్రోత్సహించాడు. జెరూసలేం బైబిలు 1966లో, న్యూ అమెరికన్ బైబిలు 1970లో వచ్చేశాయి.

కాబట్టి నేను బస్సులో చేస్తున్న పని ఏమిటయ్యా అంటే, 1969 నాటి పట్టికని, 1750 నాటి ఇంగ్లీషులో, 1582 నాటి పేరుతో, 1899లో బాల్టిమోర్‌లో వేసిన ప్రతి డిజిటల్ కాపీలో చదవడం. ఇలాంటి కలగాపులగం చరిత్రలో ఏ తాతా చెయ్యలేదు. "మన పూర్వీకుల సంప్రదాయం" అని ఎవరైనా అంటే అందుకే నాకు నవ్వొస్తుంది. ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. నెట్లో ఎక్కడ చూసినా ఈ పుస్తకమే ఎదురవడానికి ముఖ్య కారణం భక్తి కాదు, కాపీరైటు లేకపోవడం. కొత్త అనువాదాలకి ఓనర్లున్నారు, అనుమతులు కావాలి. ఇది ఎవడైనా దించుకుని యాప్‌లో పెట్టుకోవచ్చు.

మరి నేనెందుకు చదువుతున్నానంటే, నెమ్మదిగా చదివిస్తుంది కాబట్టి. తెలిసిన కథ అని కళ్ళు జారిపోకుండా అక్కడక్కడా ఒక మాట అడ్డం పడుతుంది. ఆగాలి, వెనక్కెళ్ళాలి. ఇంకోటి, పేర్ల కింద దాగిన గొడవలు కనిపిస్తాయి. మన తెలుగులోనూ ఉందిది. మా ఇంట్లో సువిశేషం, పక్కింటి ప్రొటెస్టెంటుల ఇంట్లో సువార్త. మాకు జ్ఞానస్నానం, వాళ్ళకి బాప్తిస్మం. ఒక్క మాట వింటే చాలు, ఎవరు ఏ గుడికెళ్తారో మా ఊళ్ళో చెప్పేయొచ్చు. లండన్ దగ్గర మిల్ హిల్‌లో మొదలైన సంఘం ఫాదర్లు 1870ల నుంచి నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో పనిచేశారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు తెలిసిన కేథలిక్కుకి బైబిలంటే చాలొనర్ దిద్దిన ఈ డువేనే. వాళ్ళు కట్టిన బళ్ళలో మా తాతల తరం అక్షరాలు దిద్దుకుంది.

ఇండియాలో ఇంగ్లీషు పూజల్లో ఇప్పుడు చదివేది ఇంకో అనువాదం. ఈఎస్‌వీ కేథలిక్ ఎడిషన్ అని, 2018లో బెంగళూరులో అచ్చయింది. దాని వంశవృక్షం చూడండి. ఈఎస్‌వీ వచ్చింది 1952 నాటి ఆర్ఎస్‌వీ నుంచి, అది 1901 నాటి అమెరికన్ వెర్షన్ నుంచి, అది 1880ల నాటి రివైజ్డ్ వెర్షన్ నుంచి, అది సాక్షాత్తూ 1611 నాటి జేమ్స్ రాజు బైబిలు నుంచి. అంటే మార్టిన్ ఎవరి మీదైతే బగ్ రిపోర్టు రాశాడో ఆ వంశం, ఎవరైతే మార్టిన్‌ని వెక్కిరిస్తూనే అతని మాటలు వాడుకున్నారో ఆ వంశం. 2020 ఏప్రిల్ 5న, మ్రానికొమ్మల ఆదివారం నాడు, దీన్ని మన దేశంలో వాడుకలోకి తెచ్చారు. లాక్‌డౌన్ రోజులు, గుళ్ళన్నీ మూసి ఉన్నాయి, జనం ఫోన్లలో పూజ చూశారు. మ్రానికొమ్మల ఆదివారానికి రెండో పఠనం ఏటా ఒకటే, ఫిలిప్పీయులకి రాసిన లేఖ రెండో అధ్యాయం. మార్టిన్ ఎక్సినానైటెడ్ అని రాసిన చోటే. ఆ రోజు పఠనంలో అక్కడున్నది చాలొనర్ పెట్టిన మాటే, ఎంప్టీడ్.